బోరు మోటారులో ఫైబరు బిళ్ల అరుగుదల



ఇరుసుకు కందెన పెట్టకుండ మీలో ఎవరును బండి కట్టరు. మరి బోరులోనికి దించిన మోటారుకు కందెన యేది? నీటితో నింపెడి రకపు మోటార్లకు ఆ నీరే కందెన.

అట్టి మోటారు అడుగున థ్రస్టు బేరింగు ఉండును. తిరుగు భాగపు బరువును, పంపు క్రిందికి నెట్టు బలమును అదియే మోయును. కొన్నింట అది కార్బన్ బిళ్ల. కొన్నింట ఫైబరు బిళ్ల, అనగా పోగులను రెసినుతో కలిపి వేడిలో అదిమి గట్టిపరచినది. ఈ బిళ్ల నునుపైన ఉక్కు బిళ్లతో జతగా పని చేయును. రెండింటి నడుమ వెండ్రుకకన్న పలుచని నీటిపొర నిలిచినంత కాలము రాపిడి స్వల్పమే.

మన అనంతపురము మెట్టలో సాలుకు వాన సుమారు 550 మిల్లీమీటర్లే. వేసవిలో బోర్లు ఆగి ఆగి పోయుట మీకు తెలిసినదే. నీరందక మోటారు వట్టిగా తిరిగినచో దాని చుట్టును పారి చల్లబరచు నీరుండదు. లోపలి నీరు కాగి, పొర తెగును. అటుపై రెసిను మాడును, పోగులు లేచును, ఉక్కుపై గీతలు పడును. కరెంటు రాగానే దానంతట అదే మోటారును నడుపు ఆటోస్టార్టరు చాలమంది పెట్టుచున్నారు. నీరు తగ్గినపుడు ఆపెడి పరికరము లేనిచో, నా దృష్టిలో అది మేలుకన్న కీడే.

మరమ్మతులో ఇంకొక పొరపాటు కలదు. ఖర్చునకు జంకి ఫైబరు బిళ్ల మాత్రము మార్చి, గీతలు పడిన ఉక్కునే మరల బిగింతురు. అది ఆకురాయివలె క్రొత్త బిళ్లను తినివేయును. ఉక్కు ముఖమును అద్దమువలె నునుపు చేయించుడు, లేదా రెండును మార్పించుడు. దించుటకు ముందు ఇసుక లేని మంచినీటిని గాలి బుడగలు పోవువరకు మోటారులో నింపించుడు. ఆ సమయమున మెకానిక్కు ప్రక్కనే మీరును నిలువుడు.