మక్: ఇంటిపేర్లలో దాగిన కొడుకు



ఈ స్మారకోపన్యాసం ఏ మాస్టారి పేరున జరుగుతోందో, ఆయన జీవితమంతా మాటల పుట్టుపూర్వోత్తరాలు వెదికారు. ఆయన మెచ్చే అంశమని నమ్మి, ఇవాళ ఐర్లండు, స్కాట్లండుల గేలిక్ భాషలోని ఒక చిన్న మాట గురించి చెబుతాను. అది ‘మక్’. ఇంగ్లీషువారి నోట ‘మ్యాక్’ అయింది, మన దగ్గరకు ‘మెక్’గా కూడా వచ్చింది. దాని మొదటి అర్థం కొడుకు. మెకంజీ, మెకాలే, మెక్‌డొనాల్డ్ అన్నప్పుడల్లా తెలియకుండానే ఈ మాట పలుకుతున్నాం.

దీని పాత రూపం రాళ్ల మీద దొరుకుతుంది. ఐర్లండులో, వేల్సులో సుమారు 4 నుంచి 6వ శతాబ్దాల మధ్య నిలిపిన ఓగమ్ శిలలున్నాయి. రాతి అంచు మీద గీతలు చెక్కి అక్షరాలుగా వాడారు. ఫలానావాని కొడుకు ఫలానావానిది ఈ రాయి అని చెప్పడమే ఎక్కువ శాసనాల పని. అక్కడ ‘కొడుకుయొక్క’ అనడానికి ‘మకి’ అని ఉంటుంది. ఐరిష్, స్కాటిష్ గేలిక్, మాన్ దీవి వారి మాంక్స్ భాషల్లో అది ‘మక్’గా స్థిరపడింది. వెల్ష్ భాషలో క-కారం ప-కారంగా మారి ‘మప్’, ఆ తర్వాత ‘అప్’ అయింది. హవెల్ కొడుకు ‘అప్ హవెల్’, పావెల్ అయ్యాడు. మెక్‌డొనాల్డ్‌లోని ‘మెక్’, పావెల్‌లోని ‘ప’ ఒకే మాటకు రెండు కొమ్మలు.

కొడుకు అనే అర్థం ఇంటి గడపలో ఆగలేదు. ఐరిష్‌లో తోడేలు ‘మక్ తీరె’, అంటే నేల కొడుకు. విద్యార్థి ‘మక్ లేన్’, చదువు కొడుకు. ప్రతిధ్వని ‘మకల్లా’, కొండచరియ కొడుకు. కంటి నల్లగుడ్డు ‘మక్ ఇమ్రిష్క్’. మనం కంటిపాప అంటాం. కంటి నడుమ బిడ్డను చూడడం వాళ్లకూ మనకూ సమానం. దేని నుంచి ఏది పుట్టినా, దేన్ని ఏది అంటిపెట్టుకుని ఉన్నా, గేలిక్ భాష దాన్ని కన్నబిడ్డ వరసలో పిలిచింది.

ఇంటిపేర్లలో ఈ మాట సమాజాన్నంతా పట్టి చూపిస్తుంది. మెకింటైర్ వడ్రంగి కొడుకు, మెక్‌గవన్ కమ్మరి కొడుకు, మెక్‌టాగర్ట్ పూజారి కొడుకు, మెక్‌నాబ్ మఠాధిపతి కొడుకు, మెకింటాష్ నాయకుని కొడుకు. మెకాలే ఓలాఫ్ కొడుకు. ఆ ఓలాఫ్ నార్వే పేరు. స్కాట్లండు పడమటి దీవుల మీద నార్వే రాజుల అధికారం 1266 దాకా ఉండేది. ఆ చరిత్ర ఆ పేరులో నిలిచింది. మొదట్లో ఈ పేరు తరానికొకటిగా మారేది, తర్వాత వంశం పేరుగా గట్టిపడింది. ‘మ్యాక్’ అయితే స్కాట్లండుది, ‘మెక్’ అయితే ఐర్లండుది అని చాలామంది నమ్ముతారు. అది నిజం కాదు. రెండోది మొదటిదానికి కురచ రాత మాత్రమే.

ఈ మాట ఆడపిల్లకు చెల్లదు. స్కాటిష్ గేలిక్‌లో మగవాడు ‘మక్’ అయితే, అతని అక్కచెల్లెళ్లు ‘నిక్’. ‘మక్ కూతురు’ అనే అర్థమున్న రెండు మాటలు కుదించుకుని అలా అయింది. ఇంగ్లీషు దస్తావేజుల్లో ఈ తేడా చెరిగిపోయింది. కూతురు కూడా ‘కొడుకు’ పేరే మోయవలసి వచ్చింది. పరాయి భాష దఫ్తరులో పడ్డ పేరు ఎంత నష్టపోతుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

పేరు మీద రాజ్యం కత్తి కూడా దూసింది. 1603లో స్కాట్లండు ప్రభుత్వం మెక్‌గ్రెగర్ అనే పేరునే నిషేధించింది. ఆ పేరు వదలకపోతే మరణదండన. జనం ముర్రే, డ్రమండ్, గ్రాంట్ వంటి పేర్ల చాటున బతికారు. ఆ వంశంలో ప్రసిద్ధుడైన రాబ్ రాయ్ తల్లి పుట్టింటి పేరు క్యాంప్‌బెల్ పెట్టుకున్నాడు. నడుమ కొన్నాళ్లు సడలించి, 1693లో మళ్లీ విధించిన ఆ నిషేధం పూర్తిగా తొలగింది 1774లో.

మాన్ దీవిలో పేరును చెరిపే పని కాలమే చేసింది. అక్కడ ‘మక్’ అరిగి అరిగి చివరి క-కారం ఒక్కటే మిగిలింది. పాల్ కొడుకు క్వేల్, విలియమ్ కొడుకు క్విలియమ్. పుట్టుకతో మాంక్స్ మాట్లాడినవారిలో చివరివాడు నెడ్ మాడ్రెల్ 1974లో కన్నుమూశాడు. క-కారం మాత్రం పేర్లలో ఇంకా ఉంది.

ఇక లోకం మీదికి వెళ్లిన ‘మక్’. జాన్ లౌడన్ మెకాడమ్ చిన్న కంకరరాళ్లు పొరలుగా పరిచి, నీరు పక్కకు జారే రోడ్డు వేయడం నేర్పాడు. మన ఊళ్లలో ఇంజనీర్లు చెప్పే డబ్ల్యూబీఎం రోడ్డులో చివరి ‘ఎం’ ఆయన పేరే. గ్లాస్గో రసాయనవేత్త చార్లెస్ మెకింటాష్ 1823లో రెండు బట్టల నడుమ రబ్బరు పొర పెట్టి తడవని గుడ్డకు పేటెంటు పొందాడు. బ్రిటన్‌లో వానకోటును నేటికీ ‘మ్యాక్’ అంటారు. కెనడాలో జాన్ మెకింటాష్ పెంచిన ఆపిల్ రకానికి అతని పేరు వచ్చింది. ఆ పండు ఇష్టమైన ఆపిల్ కంపెనీ ఉద్యోగి జెఫ్ రాస్కిన్ కొత్త కంప్యూటరుకు ఆ పేరు పెట్టాడు. 1984లో అది బజారుకు వచ్చింది. నాయకుని కొడుకు ఇలా బల్ల మీది యంత్రమయ్యాడు.

తెలుగువారికి అందరికంటే దగ్గరివాడు కాలిన్ మెకంజీ. లూయిస్ దీవిలోని స్టోర్నవే ఆయన ఊరు. అది గేలిక్ నేల. 1783లో మద్రాసు చేరి, సర్వేలు చేస్తూ, కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల సాయంతో ఊరూరి చరిత్ర రాయించాడు. అవే మనం మెకంజీ కైఫియతులు అనేవి. ఈ ఊరు ఎవరు కట్టారు, ఏ వంశం ఏలింది, ఏ గుడికి ఎవరు మాన్యం ఇచ్చారు అని ఆ కైఫియతులు చెబుతాయి. వాటిని చదివే మన విద్యార్థులు, వాటి మీదున్న పేరులో కూడా ఒక వంశచరిత్ర ఉందని గుర్తించాలని నా కోరిక. మెకంజీ అంటే కొయిన్యాహ్ కొడుకు.

ఇన్ని చోట్లకు వెళ్లిన మాట తన భాషను కాపాడగలిగిందా? లేదు. 1872 నాటి స్కాట్లండు విద్యాచట్టంలో గేలిక్‌కు చోటే లేదు. బడిలో ఆ భాష మాట్లాడిన పిల్లలు దెబ్బలు తిన్నారు. 1891లో అక్కడ గేలిక్ మాట్లాడేవారు రెండున్నర లక్షలకు పైగా ఉండేవారు. 2011 నాటికి 57 వేల చిల్లర మిగిలారు. ప్రపంచమంతా ‘మ్యాక్’ అంటున్న కాలంలోనే కొడుకును ‘అ విక్’, అంటే ‘ఒరే కొడకా’ అని పిలిచే తల్లులు తగ్గిపోయారు. మాట పేర్లలోనూ సరుకుల మీదా ఉండడం వేరు, ఇంట్లో పిలుపుగా ఉండడం వేరు. భాషకు ఊపిరి రెండోదే.

మార్పు కూడా పిల్లల నుంచే మొదలైంది. 1985లో గ్లాస్గోలో, ఇన్వర్నెస్‌లో గేలిక్ మాధ్యమంలో ప్రాథమిక విద్య ప్రారంభమైంది. 2005లో భాషకు చట్టం వచ్చింది. 2022 జనగణనలో మాట్లాడేవారు 69 వేలు దాటారు.

మన నిఘంటుకారులకు ఒక విన్నపంతో ముగిస్తాను. ఇంగ్లీషు గుండా మనకు చేరిన మాటలన్నిటి పక్కనా ‘ఇంగ్లీషు’ అని రాసి సరిపెట్టవద్దు. ఇంగ్లీషు చాలాసార్లు తెచ్చిచ్చినది మాత్రమే. కన్నది మరొక భాష. ఆ భాష పేరు రాయడం దానికి మనం చెల్లించవలసిన రుణం.