రాళ్ల కింద నీటి పని

ఎత్తైన చలికొండల మీద కొన్ని రాళ్లగుట్టలు కదులుతుంటాయి. పైకి బండరాళ్లు, లోపల గడ్డకట్టిన మంచు. వీటిని రాతి హిమానీనదాలంటారు. ఆస్ట్రియాలోని ఔటర్ హోఖెబెన్‌కార్ అనే రాతి హిమానీనదం కదలికను 1938 నుంచే కొలుస్తున్నారు.

ఈ కదలికలో అన్నిటికన్నా ఆసక్తికరమైనది నీటి పాత్ర. వేసవి మొదట్లో కరిగిన మంచునీరు బండల సందుల్లోంచి దిగి, మీటర్ల లోతున ఉన్న జారుడు పొరను చేరుతుంది. అక్కడ నీటి పీడనం పెరిగితే రాపిడి తగ్గి, గుట్ట వేగం అందుకుంటుంది. చాలాచోట్ల వేసవి చివర్లోనో ఆ తర్వాతి నెలల్లోనో జోరు ఎక్కువ. చలి ముదిరేకొద్దీ మందగింపు. చలికాలం ఆరంభంలోనే మంచు దట్టంగా కురిస్తే మాత్రం అది దుప్పటిలా కప్పేసి, నేలను అంతగా చల్లబడనివ్వదు.

మన లద్దాఖ్‌లో, హిమాచల్‌లో కూడా రాతి హిమానీనదాలున్నాయి. కింద ఊళ్లూ రోడ్లూ ఉన్నచోటైనా వాటి నడకను ఏటా కొలవాలి.