డైరీలో ఖాళీ పేజీ

మీలో కొందరు వంట చేసుకుంటూ, కొందరు దుకాణం తెరుస్తూ ఈ మాటలు వింటూ ఉండవచ్చు. కొద్ది నిమిషాలు శ్రద్ధగా ఆలకించమని మనవి.

నేటి మన ధ్యానానికి ఆధారం నిర్గమకాండము 18వ అధ్యాయం. పొద్దున మొదలుపెట్టి చీకటి పడేవరకు మోషే ప్రజల తగవులు తీర్చుచున్నాడు. జనం ఆయన చుట్టూ నిలబడి కాచుకొని ఉన్నారు. చూసినవారెవరైనా ఎంత కష్టజీవి అని మెచ్చుకుంటారు. ఆయన మామ యిత్రో మెచ్చుకోలేదు. ఈ పద్ధతి సరికాదు, ఇలాగైతే నీకూ ఓపిక మిగలదు, వీళ్ళకూ మిగలదని హెచ్చరించాడు.

ప్రియులారా, ఈ మాట మన కాలానికి ఎంత అవసరమో గమనించండి. 2023లో ఇన్ఫోసిస్ వ్యవస్థాపకులలో ఒకరైన నారాయణమూర్తి గారు యువత వారానికి 70 గంటలు పనిచేయాలన్నారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టి చైర్మన్ సుబ్రహ్మణ్యన్ గారు 90 గంటలన్న మాట బయటికి వచ్చి దేశమంతా చర్చ జరిగింది. వారానికి దేవుడు ఇచ్చినవి 168 గంటలే. 90 పనికి పోయి, రోజుకు 7 గంటల చొప్పున నిద్రకు 49 పోతే మిగిలేది 29. ప్రయాణం, భోజనం, భార్యాపిల్లలు, ప్రార్థన అన్నీ అందులోనే సర్దుకోవాలి.

మరి గొప్ప వ్యాపారాలు కట్టినవారు తమ దినమును ఎలా గడిపారు? మూడు సంగతులు చూద్దాం.

మొదటిది, దినమును నింపుకోవడం వేరు, పనిని ఎంచుకోవడం వేరు. మైక్రోసాఫ్ట్ స్థాపకులలో ఒకరైన బిల్ గేట్స్ గారు తొలి రోజులలో సెలవు అనేదే ఎరుగరు. ఉద్యోగుల కార్ల నెంబర్లు కంఠతా పట్టి, ఎవరు ఎప్పుడు వచ్చారో, ఎప్పుడు వెళ్ళారో కనిపెట్టేవారు. ఈ సంగతి ఆయనే 2016లో బిబిసి రేడియోలో చెప్పుకున్నారు. తరువాత ఆయనకు వారన్ బఫెట్ గారితో స్నేహమైంది. బఫెట్ గారి చిన్న డైరీలో చాలా రోజులు ఖాళీగా ఉండేవి. ప్రతి నిమిషం నింపుకోవడమే పద్ధతి అనుకున్న గేట్స్ గారికి అది పాఠమైంది. ఏదైనా కొనగలను గాని కాలాన్ని కొనలేనని బఫెట్ గారు 2017లో ఒక టీవీ ముఖాముఖిలో అన్నారు. అమెజాన్ స్థాపకుడు జెఫ్ బెజోస్ గారు తాను 8 గంటలు నిద్రపోతానని, బరువైన ఆలోచన అవసరమైన సమావేశాలు ఉదయం 10 గంటలకు పెట్టుకుంటానని, రోజుకు మూడు మంచి నిర్ణయాలు చేస్తే చాలని 2018లో చెప్పారు.

రెండవది, విశ్రాంతి దినము నష్టం కాదు. అమెరికాలో ట్రూయెట్ కేథీ అనే విశ్వాసి 1946లో అట్లాంటా దగ్గర తన సోదరునితో కలిసి చిన్న హోటలు తెరిచారు. ఆరు రోజులు రాత్రింబగళ్ళు నడిచేది, ఆదివారం మూసివేసేవారు. అదే తరువాత చిక్-ఫిల్-ఎ అనే పెద్ద సంస్థ అయింది. 2014లో ఆయన చనిపోయారు. నేటికీ ఆ సంస్థ హోటళ్ళు ఆదివారం తెరవరు. ఆయన 50 ఏళ్ళకు పైగా సండే స్కూలులో పిల్లలకు బోధించారు. ఆదివారం మూస్తే ఎవరైనా కోటీశ్వరులవుతారని నేను చెప్పడం లేదు. మూసినా వ్యాపారం పాడైపోలేదని మాత్రం చెబుతున్నాను.

మూడవది, ఇతరుల కాలం కూడా దేవునిదే. యజమాని తన సమావేశం ఉదయం పదింటికి పెట్టుకోగలడు. ఆయన గోదాములో మూటలు మోసేవానికి, రాత్రి షిఫ్టు చేసే నర్సమ్మకు ఆ వెసులుబాటు లేదు. యిత్రో మోషే అలసటను ఒక్కదానినే చూడలేదు, వరుసలో నిలబడిన జనం అలసటను కూడా చూశాడు. మీ కింద నలుగురు పనిచేస్తుంటే, వారు ఇంటికి చేరే వేళ ఎప్పుడైనా అడిగారా? సహోదరులారా, నాలుగున్నరకే లేచి అందరికన్నా చివర పడుకునే మీ ఇంటి ఇల్లాలి గురించి ఆలోచించారా? యిత్రో చెప్పిన ఉపాయం పనిని పంచుకోవడమే. అది ఇంటికి కూడా వర్తిస్తుంది.

ఇతరులకు చెప్పే ముందు నా సంగతి ఒప్పుకోవాలి. సెమినరీ ముగించి సేవలోకి వచ్చిన కొత్తలో నా డైరీలో ఖాళీ లేకపోవడం నాకు గర్వంగా ఉండేది. మా సంఘంలో ఒక పెద్దాయన జబ్బుపడి, ఒక్కసారి వచ్చి ప్రార్థన చేయమని మూడుసార్లు కబురు పెట్టారు. మహాసభల ఏర్పాట్ల కమిటీలు ఉన్నాయి, ఆదివారం ఆరాధన కాగానే వస్తానని చెప్పి పంపాను. శనివారం రాత్రి ఆయన ప్రభువునందు నిద్రించారు. భూస్థాపన అయ్యాక ఆయన భార్య, “మీకు పనుల ఒత్తిడి కదా అయ్యగారూ, ఆయన ఏమీ అనుకోలేదు” అన్నారు. ఆమె నన్ను నిందించి ఉంటే నాకు తేలికగా ఉండేది. ఆ కమిటీలలో మేము ఏమి తీర్మానించామో ఈ రోజు ఒక్కటీ జ్ఞాపకం లేదు. అప్పటి నుండి వారంలో రెండు సాయంత్రాలు డైరీలో ఏమీ రాయకుండా ఉంచుతున్నాను. ఎవరికి అవసరం పడుతుందో ప్రభువుకు తెలుసు.

మన ప్రభువును చూడండి. మార్కు సువార్త మొదటి అధ్యాయంలో, ఇంకా చీకటి ఉండగానే ఆయన లేచి ఏకాంత స్థలంలో ప్రార్థించాడు. అందరూ నీ కోసం వెదకుతున్నారని శిష్యులు వచ్చి చెప్పినా, తాను వచ్చిన పని ఏదో ఎరిగి పక్క ఊళ్ళకు బయలుదేరాడు. అడిగినవారందరి వెంటా పరుగెత్తలేదు. అయితే దారిలో ఎదురైన కుష్ఠరోగి దగ్గర ఆగాడు.

ఈ రాత్రి పడుకునే ముందు ఒక చీటీ మీద రేపటి పనులు రాయండి. తప్పనిసరివి రెండో మూడో ఉంచి, మిగిలినవాటిలో ఇతరులకు అప్పగించదగినవి అప్పగించండి. ఒక అరగంట ఖాళీగా వదలండి. మీ కోసం కబురు పెట్టి ఎదురుచూస్తున్నవారు ఎవరైనా ఉంటే, రేపే వెళ్ళండి.

ప్రార్థించుకుందాం. ప్రేమగల తండ్రీ, మా దినములు నీ చేతిలో ఉన్నవి. మేము వృథా చేసిన గంటలను, గర్వంతో నింపుకున్న గంటలను క్షమించుము. విరామం లేక శ్రమపడుతున్న నీ బిడ్డలకు విశ్రాంతి దయచేయుము. వారి మీద అధికారం గలవారికి కనికరం నేర్పుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.