లూబెక్ గోడమీది బొమ్మలు



చిత్రకళను గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కోరారు. రవివర్మను గురించి చెబుతాననుకొని ఉంటారు. నేను ఒక జర్మన్ చిత్రకారుని కథ తెచ్చాను. పేరు లోతార్ మల్‌స్కాట్. 1913లో కోనిగ్స్‌బర్గ్‌లో పుట్టాడు. ఆ నగరం నేడు రష్యాలో ఉన్నది. పాత చర్చిలలోని గోడచిత్రాలను బాగుచేయడం అతని వృత్తి.

ఉత్తర జర్మనీలో లూబెక్ ఒక రేవుపట్టణం. అక్కడి సెయింట్ మేరీ చర్చి ఇటుకలతో కట్టిన మహా కట్టడం. 1942 మార్చి 28 రాత్రి బ్రిటిష్ విమానాలు బాంబులు వేయగా అది తగలబడింది. ఆ వేడికి గోడల సున్నం పెళ్ళలుగా రాలింది. రాలినచోట, ఎన్నడో సున్నం కింద పడిపోయిన మధ్యయుగపు బొమ్మలు బయటపడ్డాయి!

1948లో వాటిని బాగుచేసే పని డీట్రిష్ ఫై అనే ఆయనకు దక్కింది. మంచె ఎక్కి కుంచె పట్టినది మాత్రం మల్‌స్కాట్. చర్చి తూర్పుభాగంలో, పై గోడలమీద, బాగుచేయడానికి దాదాపు ఏమీ మిగలలేదు. అక్కడ ఆగవలసింది. ఆగలేదు. గోడను శుభ్రంగా గీకి, తన ఊహలోని పునీతులను నిలువెత్తున దించాడు. ఎంతో బాగా దించాడు. అదే వచ్చిన చిక్కు.

1951లో చర్చికి ఏడువందల ఏండ్ల పండుగ జరిగింది. ప్రధాని అడెనవర్ వచ్చారు. బొమ్మలతో తపాలా బిళ్ళలు వేశారు. పండితులు మెచ్చుకున్నారు. పేరంతా ఫైకి పోయింది. మల్‌స్కాట్ మనసు మండింది. 1952లో, “ఆ బొమ్మలు నావే” అని బయటపెట్టాడు. ఎవరూ నమ్మలేదు! చివరకు వకీలు చేత తనమీద తానే ఫిర్యాదు చేయించుకున్నాడు. 1955లో అతనికి పద్దెనిమిది నెలలు, ఫైకి ఇరవై నెలలు శిక్ష పడింది. తూర్పుభాగపు బొమ్మలను తుడిచివేశారు. మల్‌స్కాట్ 1988లో కన్నుమూశాడు.

అంతకుముందు 1937లో వీరు స్లేస్విగ్ చర్చిలోనూ పనిచేశారు. అక్కడ 1300 ప్రాంతపు వనుకున్న బొమ్మల్లో టర్కీ కోళ్ళు కనబడ్డాయి. అది అమెరికా పక్షి. ఇంకేముంది, కొలంబస్ కంటే ముందే మనవాళ్ళు అమెరికా చేరారని ఆనాటి నాజీ పండితులు కొందరు పొంగిపోయారు. కావాలనుకున్నది కనబడితే పరీక్ష చేసేవారు తక్కువ.

అతడు నిజాయితీ కొద్దీ ఒప్పుకున్నాడని కొందరంటారు. నేను బడిపంతులును. కాపీ కొట్టిన పిల్లవాడు మార్కులు పక్కవాడికి పోయినప్పుడే నోరు విప్పుతాడని నాకు తెలుసు.

మరి పోయిన భాగాన్ని ఏంచేయాలి? రోమ్ నగరంలోని పునరుద్ధరణ సంస్థవారు ఒక పద్ధతి నేర్పారు. ఖాళీని సన్నని నిలువు గీతలతో నింపుతారు. దూరానికి బొమ్మ నిండుగా ఉంటుంది. దగ్గరకు వెళితే ఏది పాతదో ఏది కొత్తదో గీతలే చెబుతాయి.

మన ఇళ్ళలో నాయనమ్మలు పాడిన పెళ్ళిపాటలున్నాయి. ఒక చరణం ఉంటుంది, రెండవది ఉండదు. సాయంకాలపు తరగతిలో నేర్చిన తెలుగుతో దానిని పూరించాలని మనకు చేయి దురద పెడుతుంది. పూరించండి, తప్పులేదు. నోటుబుక్కులో ఆ చరణాన్ని మాత్రం వేరే రంగు సిరాతో రాయండి.

1942 రాత్రి ఆ చర్చి గంటలు బురుజుమీద నుంచి పడి పగిలాయి. వాటిని మళ్ళీ పోతపోయలేదు. పడినచోటనే, ఆ ముక్కలు అలాగే ఉన్నాయి.