చికిత్స ముగిసింది, పరీక్ష ముగియలేదు

(నాంపల్లిలో జరిగిన మన సంఘ వార్షిక సమావేశంలో ఆరోగ్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మాకిచ్చిన పది నిమిషాలలో ఒక్క సంగతే మనవి చేస్తాము. అన్నవాహికలో క్యాన్సరు రాకముందు కనబడే మార్పుకు ఎండోస్కోపీతో చికిత్స చేస్తున్నారు. ఆ చికిత్స అయ్యాక గడిచే సంవత్సరాలను గురించి మేము చెప్పదలచుకున్నాము.

గొంతు నుంచి కడుపుకు అన్నం దిగే గొట్టమే అన్నవాహిక. కడుపులోని ఆమ్లం ఏళ్ల తరబడి పైకి ఎగదన్నుతుంటే కొందరిలో గొట్టం కింది భాగాన లోపలి పొర మారిపోతుంది. దీనిని 1950లో వర్ణించిన లండన్ సర్జన్ నార్మన్ బారెట్ పేరిట 'బారెట్స్ ఈసోఫేగస్' అంటారు. ఇది క్యాన్సరు కాదు. ఇది ఉన్నవారిలో చాలామందికి క్యాన్సరు రానేరాదు. కాని చిన్న ముక్క తీసి పరీక్షించినప్పుడు కణాలు వికటిస్తున్నట్టు తేలితే మాత్రం ఊరుకోరాదు. దానిని 'డిస్‌ప్లేసియా' అంటారు.

మన దేశంలో ఎక్కువగా కనబడేది ఇంకొక రకం. బీడీ, జర్దా, గుట్కా, వక్క, మద్యం వంటివాటి వల్ల గొట్టం పొర చెడి వస్తుంది. 65 డిగ్రీలు మించిన వేడి పానీయాలను కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థవారి క్యాన్సరు విభాగం 2016లో అనుమానితుల జాబితాలో చేర్చింది. ఆబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషను దాకా ఇరానీ చాయ్ తాగని వారు మనలో ఎవరు? మానమని మేమనము. సాసరులో పోసి చల్లార్చుకు తాగే మన పెద్దల పద్ధతే మేలంటాము.

ఊరుకుంటే ఏమవుతుంది? చైనాలోని లిన్‌షియాన్ ప్రాంతంలో ఈ రెండవ రకం మార్పు ఉన్నవారిని పదమూడున్నర ఏళ్లు గమనించి 2005లో లెక్క ప్రకటించారు. స్వల్పమైన మార్పు ఉన్నవారిలో నూటికి 24 మందికి, తీవ్రమైన మార్పు ఉన్నవారిలో 74 మందికి క్యాన్సరు వచ్చింది.

వెనుకటి రోజుల్లో ఇటువంటివారికి ఛాతీ కోసి అన్నవాహికనే తీసేవారు. ఇప్పుడు నోటి ద్వారా కెమెరా గొట్టం పంపి, చెడిన భాగాన్ని లోపల్లోపలే కోసి తీస్తారు. బారెట్స్‌లో మిగిలిన పొరను రేడియో తరంగాల వేడితో కాలుస్తారు. అమెరికాలో 127 మందిపై చేసిన పరిశీలన ఫలితం 2009లో వెలువడింది. ఏడాదిలో క్యాన్సరుగా మారినది చికిత్స పొందినవారిలో నూటికి 1.2, పొందనివారిలో 9.3. కాల్చినవారిలో నూటికి ఆరుగురికి గొట్టం ఇరుకైంది. దానిని బెలూనుతో వెడల్పు చేయవచ్చు. నెదర్లాండ్స్‌లో సుమారు 1400 మంది లెక్క 2022లో వచ్చింది. నూటికి 94 మందిలో చెడిన పొర పూర్తిగా పోయింది. అలా పోయినవారిలో ఏడాదికి నూటికి ఒకరికి చొప్పున డిస్‌ప్లేసియా తిరిగి వచ్చింది.

నూటికి ఒక్కరే కదా అనవచ్చు. ఆ ఒక్కరు మన మధ్యనే ఉన్నారు. ఆబిడ్స్‌లో ఒక బట్టల దుకాణంలో ముప్ఫయ్యేళ్లు పనిచేసిన పెద్దాయనకు ఈ చికిత్స జరిగింది. ఖర్చుకు మన సంఘం చందా పోగుచేసింది. మంట తగ్గింది, అన్నం హాయిగా దిగుతోంది. "బాగయింది కదా బేటా, మళ్లీ ఆ గొట్టం ఎందుకు?" అన్నారాయన. రెండేళ్లు వెళ్లలేదు. మేమూ అడగలేదు. చివరకు కోడలు అలమారు సర్దుతూ ఫైలు చూసి, తేదీలు లెక్కపెట్టి, మామగారిని బలవంతాన తీసుకువెళ్లింది. చిన్న మచ్చ కనబడింది. ఎండోస్కోపీతోనే తీశారు. ఇంకో ఏడాది ఆగి ఉంటే ఛాతీ కోయవలసి వచ్చేదేమోనని డాక్టరు గారన్నారు. చికిత్సకు డబ్బిచ్చి పరీక్షలను మరచిపోవడం మా తప్పు. దానిని మీ ముందు ఒప్పుకుంటున్నాము.

కనుక గుర్తుంచుకోండి. బారెట్స్‌లో తీవ్రమైన మార్పుకు చికిత్స అయి పొర పూర్తిగా పోయాక 3, 6, 12 నెలలకు, ఆపైన ఏటా పరీక్ష చేయించాలని 2022 నాటి అమెరికా వైద్యుల సూచన. స్వల్పమైనదైతే ఒక ఏడాదికి, మూడో ఏటికి, ఆపైన రెండేళ్లకోసారి. రెండో రకానికి గడువు మీ డాక్టరు గారే చెబుతారు. ఆమ్లం తగ్గించే మాత్రలు మీ అంతట మీరు మానవద్దు. రంజాన్‌లో మాత్రల వేళ ఎలా మార్చుకోవాలో ముందే అడగండి. హలీం తిన్న వెంటనే పడుకోవద్దు. ముద్ద గొంతులో అడ్డుపడినా, బరువు తగ్గినా తేదీ కోసం చూడక వెంటనే వెళ్లండి.

మనకు వైద్యం దూరం కాదు. మెహదీ నవాజ్ జంగ్ పేరిట 1955లో వెలసిన క్యాన్సరు ఆసుపత్రి నాంపల్లి పక్కనే, రెడ్‌హిల్స్‌లో ఉంది. ఎండోస్కోపీలో పేరు పొందిన ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గాస్ట్రోఎంటరాలజీ కూడా మన ఊళ్లోదే.

ఈ ఏడు నుంచి సంఘం కార్యాలయంలో ఒక రిజిస్టరు పెడుతున్నాము. చికిత్స పొందినవారి తర్వాతి పరీక్ష తేదీ అందులో వ్రాసి, వారం ముందు కబురు చేస్తాము. దారి ఖర్చు లేనివారికి సంఘమే ఇస్తుంది. తోడు లేనివారికి మాలో ఒకరు తోడు వస్తారు. మీరు చేయవలసింది ఒక్కటే: ఫైలు జాగ్రత్తగా దాచి, అది ఎక్కడుందో ఇంట్లో ఇంకొకరికి చెప్పి ఉంచండి.

సెలవు.