మన దస్త్రం మనమే విప్పుకోగలగాలి
(శృంగవరపుకోటలో జరిగిన మన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కంప్యూటరు గురించి ఈ ముసలాయన ఏం చెబుతాడని వెనక వరుసలో కొందరు నవ్వుకుంటున్నారు. నవ్వండి. నేను చెప్పబోయేది యంత్రం సంగతి కాదు, రికార్డు సంగతి. మనకు అన్నం పెట్టినది అదే కదా.

1979 జూన్ 1న విజయనగరం జిల్లా ఏర్పడినప్పుడు మన ఎస్.కోట తాలూకా విశాఖపట్నం జిల్లా నుంచి దానిలోకి వచ్చింది. జిల్లా మారినా పాత దస్త్రం ఏ గుమస్తా విప్పినా చదవగలిగాడు. సిరా ఏ కంపెనీదని ఎవరూ అడగలేదు.

నా సర్వీసు చివరి రోజుల్లో టైపు మిషన్లు పోయి కంప్యూటర్లు వచ్చాయి. తెలుగు అక్షరాలను ఒక్కో కంపెనీ ఒక్కో పద్ధతిలో అమర్చి అమ్మేది. ఇంగ్లీషు అక్షరానికి కేటాయించిన సంఖ్య మీద తెలుగు అక్షరం బొమ్మను అతికించేవారు. ఆ ఫాంటు ఉన్న మిషనులో తెలుగు కనబడుతుంది. లేని మిషనులో అర్థంపర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు.

మా సహోద్యోగి ఒకాయన కాలం చేశారు. ఆయన భార్యకు కుటుంబ పింఛను రావాలంటే పాత ఉత్తర్వు ఒకటి కావాలి. సంబంధిత కార్యాలయం వారు వెతికి సీడీ తీశారు, మెచ్చుకోవాలి. తెరిస్తే అన్నీ పిచ్చి రాతలు. ఆ ఫాంటు ఉన్న కంప్యూటరు ఎప్పుడో మూలపడిపోయింది. ఆ అమ్మ ఏడు నెలలు తిరిగారు. చివరికి అది దొరికింది బీరువా మీద, అటెండరు తాడుతో కట్టి ఉంచిన ఆఫీసు కాపీల కట్టలో!

దీనికి మందు లేక కాదు. యూనికోడు 1991లో వచ్చిన తొలి కూర్పులోనే తెలుగుకు చోటిచ్చింది. అందులో 'క' సంఖ్య 3093, 'ఖ' సంఖ్య 3094. ఎస్.కోటలోనైనా అమెరికాలోనైనా అంతే. ఆ పట్టిక ఎవరైనా చూడవచ్చు, పైసా కట్టకుండా వాడుకోవచ్చు. ఇలాంటి దానినే బహిరంగ ప్రమాణం అంటారు. ప్రభుత్వ పని ఏ ఒక్క కంపెనీ మీదా ఆధారపడకుండా ఉండాలని కేంద్ర ప్రభుత్వం 2010లో వీటిపై ఒక విధానమే ప్రకటించింది. యూనికోడు ఫాంట్లకు కూడా కొదవ లేదు. సిలికానాంధ్ర ద్వారా ఉచితంగా అందుబాటులోకి వచ్చినవాటిలో ఒకదాని పేరు గురజాడ, ఇంకొకదాని పేరు గిడుగు. మన వైపు పెద్దల పేర్లే. నాకు భలే ముచ్చటేసింది.

అయితే ఒక మాట. యూనికోడు వచ్చిందని పాత ఫైళ్ళు వాటంతటవి మారవు. మార్చే ప్రోగ్రాములు ఉన్నాయి గాని ఒక్కోసారి వత్తులు తప్పుతాయి, ఇంటిపేర్లు తారుమారవుతాయి. పింఛను కాగితంలో ఇంటిపేరు తప్పితే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా? అందుచేత మనిషి కూర్చోవలసిందే. మనం ఫెయిర్ కాపీ కంపేరు చేసేవాళ్ళం, జ్ఞాపకముందా? ఒకరు పైకి చదవడం, ఇంకొకరు వేలు పెట్టి సరిచూడడం. అదే పని.

కార్యాలయాల్లో మిగిలిన పాత ఫైళ్ళు మార్పించాలని, అంతవరకు కాగితం కాపీలు తగలెయ్యవద్దని అధికారులను కోరుతూ తీర్మానం చేద్దాం. అంతకంటే ముందు మన ఇల్లు చక్కదిద్దుకోవాలి. మన సభ్యుల జాబితా, నామినీల పేర్లతో సహా, ఇంకా ఆ పాత ఫాంటులోనే ఉంది. వచ్చే ఆదివారం ఉదయం దాన్ని ముందేసుకుని కూర్చుంటున్నాను. పైకి చదవడానికి ఇద్దరు కావాలి. కళ్ళజోళ్ళు మరచిపోకండి.

సెలవు.