విడిది పాయింట్ల సద్వినియోగం

(సమాజ సభ్యుల గోష్ఠిలో చేసిన ప్రసంగ పాఠం)

నేటి విషయం సాహిత్యం కాదు, సంగీతమూ కాదు. విహార క్లబ్బులలో మనవారు పలువురు కొని ఉంచుకున్న పాయింట్లను గురించి నాలుగు మాటలు చెప్పదలచినాము. ఉగాదినాడు రాశివారీగా ఆదాయవ్యయాలు వినే అలవాటు మనకు ఉన్నది గనుక, ఈ వ్యయం ముచ్చట కూడా ఓపికతో వింటారని మా ధైర్యం.

ఒకే గదిని ఏడాదిలో ఒక్కొక్క వారం చొప్పున పలువురికి అమ్మటాన్ని టైంషేరు అంటారు. మన దేశంలో స్టెర్లింగువారు 1986లోను, మహీంద్రా హాలిడేస్ వారు 1996లోను ఈ వ్యాపారంలో దిగినారు. వారానికి బదులు పాయింట్లు ఇచ్చే పద్ధతి మరొకటి ఉన్నది. అమెరికాలో 1991లో డిస్నీవారు పెట్టిన క్లబ్బు ఆ పద్ధతిమీదనే నడుస్తున్నది. పాయింటు అంటే చెలామణీ నాణెం వంటిదే. వానాకాలంలో చిన్నగదికి కొద్ది పాయింట్లు, మే నెలలో పెద్దగదికి చాలా పాయింట్లు. వారాల పద్ధతిలోనూ ఈ తారతమ్యం లేకపోలేదు. మహీంద్రావారు ఋతువులకు ఊదా, ఎరుపు, తెలుపు, నీలం అని రంగులు పెట్టినారు; ఊదాకు ఖరీదు హెచ్చు.

మనవారి దగ్గర ఇవి ఇన్నేసి ఎట్లా పోగుపడినవి? ఉద్యోగం మంచి ఊపులో ఉన్నప్పుడు ఒక సభ్యత్వం. విడిదికి పోయినచోట కాఫీ ఇచ్చి కూర్చోబెట్టి, ‘సార్, ఈ ఒక్కరోజే ఈ ధర’ అంటే మరొకటి. అన్నగారు వద్దనుకుని బదిలీ చేసినది ఇంకొకటి. పిల్లలు రెక్కలువచ్చి పోయినారు, పాయింట్లు మాత్రం ఏటేటా వచ్చి పడుతున్నవి. వాటితోపాటు నిర్వహణ రుసుం బిల్లు, దానిపై జి.ఎస్.టి. వెళ్ళినా వెళ్ళకున్నా కట్టవలసిందే.

కాబట్టి మొదట పాయింటు ధర తెలుసుకోవలె. మాటవరసకు ఏడాది రుసుం 60,000 రూపాయలు, చేతికి వచ్చేవి 1,000 పాయింట్లు అనుకుందాం. పాయింటు ఖరీదు 60 రూపాయలు. ఏనాడో సభ్యత్వానికి పోసిన లక్షలను ఈ లెక్కలోకి తేకూడదు. అవి పోయినవి పోయినవే. వాటిని తలచుకుని ఇష్టంలేని ఊరికి పరుగెత్తటం రెండో నష్టం.

ఇప్పుడు మే నెలలో రెండు పడకగదుల విడిదికి రాత్రికి 100 పాయింట్లు అనుకోండి. మనకు పడేది 6,000. అదే ఊళ్ళో బయట రెండు గదులకు 9,000 అడుగుతారనుకుంటే, ఒక్కొక్క పాయింటు 90 రూపాయల పని చేసినట్లు. వానాకాలంలో చిన్నగదికి 40 పాయింట్లు, అనగా 2,400. బయట హోటలువాడు గదులు ఖాళీగా ఉండి 2,000కే ఇస్తుంటే, మన పాయింటు 50 రూపాయలకు దిగిపోయింది. ‘సీజను కానప్పుడు వెళ్ళండి, పాయింట్లు ఎక్కువ రోజులు వస్తవి’ అని అందరూ ఇచ్చే సలహా పాయింట్లు తక్కువ ఉన్నవారికి మంచిదే. పుష్కలంగా ఉన్నవారికి మాత్రం అది సగం నిజమే. వారు రద్దీకాలంలో, పెద్దగదులకు పాయింట్లు ఖర్చుపెట్టి, చౌక కాలంలో రొక్కం ఇచ్చి హోటలులో దిగటం లాభం. గడువు తీరి మురిగిపోయే పాయింట్లు ఉంటే సంగతి వేరు. అప్పుడు 50 రూపాయలకైనా, 20 రూపాయలకైనా వాడుకోవలసిందే.

మనబోటి వారికి ఈ లెక్క మరీ ముఖ్యం. ఏమంటే, మన బంధువర్గం ఒకచోట లేదు. అక్కగారు బరంపురంలో, పెద్దన్న షోలాపురంలో, మేనత్తగారి పిల్లలు కోయంబత్తూరులో, వియ్యాలవారు యానాంలో. కర్ణాటకలో పిల్లలకు దసరా సెలవులు పెద్దవి, మహారాష్ట్రలో దీపావళికి, ఒడిశాలో దుర్గాపూజకు, తమిళనాడులో త్రైమాసిక పరీక్షల తరువాత కొద్దిరోజులు. ఈ నాలుగూ కలవటం అరుదు. అందరి బడులూ ఒకేసారి మూసి ఉండేది దాదాపు మే నెలలోనే. అంటే సరిగ్గా పాయింట్లకు గిరాకీ ఉన్న కాలమే మన కాలం. ఏడాదికి నాలుగు చిన్న ప్రయాణాలకు చిల్లరగా చల్లే పాయింట్లను ఒక్క మే వారానికి కూడబెట్టి, రెండు మూడు పెద్దగదులు పక్కపక్కన తీసుకోవటమే ఉత్తమమని మా అభిప్రాయం. మిగిలిన పాయింట్లను మరుసటి ఏటికి జమకట్టే క్లబ్బులున్నవి, రాబోయే ఏటివి ముందే వాడుకోనిచ్చేవీ ఉన్నవి. రెండు సౌకర్యాలూ ఉన్నచోట మూడేళ్ళ పాయింట్లను ఒక్క పెద్ద కలయికకు వాడుకోవచ్చు. అయితే జమకట్టే గడువు, వాడుకునే గడువు వేరువేరుగా ఉండవచ్చు. రెండు తేదీలనూ గోడమీది క్యాలెండరులో వేయించుకోండి. ముందు మురిగేవి ముందు ఖర్చవుతున్నవో లేదో కూడా అడిగి తెలుసుకోవలె.

మే గదులు మార్చిలో అడిగితే దొరకవు. బుకింగు తెరిచే రోజు తెలుసుకుని ఆ ఉదయమే కూర్చోవలె. దొరకకపోతే వెయిటింగు లిస్టులో పేరు వేయించి వదలకుండా చూస్తుండవలె. రద్దు చేసుకునే గడువు దగ్గరపడినప్పుడు కొన్ని గదులు బయటికి వస్తవి. రైలు టిక్కెట్లు మాత్రం గది ఖాయమైన తరువాతనే.

ఊరి ఎంపికలో మనవారు మోజుకు పోతారు. మాకు తోచినంతలో, అందరూ అలసట లేకుండా చేరగలిగిన చోటే మంచిచోటు. ఊటీకి కోయంబత్తూరు మీదుగా అందరూ రాగలరు. మేట్టుపాళయం నుంచి 46 కిలోమీటర్ల కొండరైలు పిల్లలకు ఒక పండుగ. అయితే మద్రాసు హైకోర్టు ఉత్తరువు ప్రకారం 2024 మే 7 నుంచి ఊటీకి, కొడైకెనాలుకు పోయే వాహనాలకు ఈ-పాసు పెట్టినారు. 2025 వేసవిలో రోజుకు ఇన్ని వాహనాలని హద్దు కూడా విధించినారు. కారులో వచ్చేవారు బయలుదేరేముందు నాటి నిబంధన విచారించుకోవలె. సేలం పక్కన ఏర్కాడుకు ఇంత రద్దీ ఉండదు. బరంపురంవారే ఏటా దక్షిణాదికి రావలెనా అంటే, ఒక ఏడు చలికాలంలో పూరీకి మనమే పోవచ్చును. అప్పుడు సెలవులు కలవవు, పిల్లలు లేకుండా పెద్దలే కలుసుకుంటారు. అదీ కావలసిందే.

గది ఉచితమనిపించి, భోజనం దగ్గర జేబు చిల్లుపడటం చాలామందికి అనుభవం. పదునాలుగు మంది మూడుపూటలా విడిదిలోనే తింటే, గదుల మీద మిగిలినదంతా ఇడ్లీలకే పోతుంది. వంటకు అనుమతి ఉన్నదా, పొయ్యి ఉన్నదా, గిన్నెలు ఇస్తారా అని ముందే అడగండి. ఉంటే బియ్యం, కందిపప్పు, ఆవకాయ జాడీ తీసుకుపోవటంలో చిన్నతనమేమీ లేదు. ఆ వంటగదిలో మరొక లాభమున్నది. ‘వస్తా ఉండాను’ అనే హోసూరు పిల్లా, మాటమాటకూ మరాఠీ కలిపే షోలాపురం పిల్లవాడూ, ఒడియా యాసతో పలికే బరంపురం చిన్నదీ మొదటిరోజు ఇంగ్లీషులో మొదలుపెడతారు. అప్పడాల దగ్గర పోట్లాట వచ్చేసరికి తెలుగులోకి దిగుతారు. ఏ గదినిండా మనవారే ఉంటారో అక్కడ ఇది జరుగుతుంది. ఇద్దరేసి వెళ్ళే నాలుగు ప్రయాణాలలో జరగదు.

ఖర్చు సంగతి మొగమాటపడకుండా ముందే మాట్లాడుకోవలె. బావగారిని పాయింట్ల లెక్క అడగటమా అని నోరు నొక్కుకుని, తరువాత పదేళ్ళు మనసులో ఉంచుకునేవారిని ఎరుగుదుము. గదులు మావి, భోజనాలు మీవి అనుకోవటం తేలిక. లేదా పాయింటు ధర చొప్పున పంచుకోవచ్చు. పరాయివారికి అద్దెకిచ్చే ఆలోచన ఉంటే ఒప్పందం చదవండి. అది నిషేధించే క్లబ్బులున్నవి. బంధువులు వచ్చినా పేర్లు ముందుగా ఇవ్వవలసి ఉంటుంది, అతిథి రుసుం ఉండవచ్చు.

విడిదికి పోయినప్పుడు మళ్ళీ కూర్చోబెట్టి హెచ్చు పాయింట్లు అంటగడతామంటే, ఈ ఏడు మురిగినవి ఎన్నో మొదట లెక్కచూడండి. ఒక్కటి మురిగినా కొత్తది అక్కరలేదు. నోటితో చెప్పిన ఏ వాగ్దానమైనా కాగితంమీద రాసివ్వమనండి. చాలా వాగ్దానాలు అక్కడే ఆగిపోతవి.

సభ్యత్వాలు చాలావరకు 25 ఏళ్ళవి. 2000 ప్రాంతంలో చేరినవారి గడువు ఇప్పుడు ముగుస్తున్నది. వారు జమ ఉన్న పాయింట్లు ఏమవుతవో నేడే అడగవలె. గడువు ఇంకా దూరంగా ఉండి, ఆరోగ్యం సహకరించనివారు వదులుకునే షరతులు, బదిలీ రుసుం రాతపూర్వకంగా తెప్పించుకోవలె. నామినీ పేరు వేసేముందు ఆ పిల్లవాణ్ణి అడగండి. హక్కుతోపాటు ఏటా కట్టే బిల్లు కూడా అతనికి పోవచ్చును. వివాదం వస్తే, హైదరాబాదులో కొన్న సభ్యత్వానికి హైదరాబాదులోనే తిరగనక్కరలేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఫిర్యాదుదారు తాను నివసించే జిల్లా కమిషనులోనే ఫిర్యాదు వేయవచ్చు. చెల్లించిన సొమ్ము అయిదు లక్షల లోపైతే దానికి రుసుం కూడా లేదు.